తండ్రి పేరు తప్పనిసరి

కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ గీత కదలడం లేదు. కదలడం లేదని చూపు పక్కకు తిప్పితే కదులుతుంది, కదిలిందా అని చూస్తే బిగుసుకుని నిలబడుతుంది, పొయ్యి మీది పాలకు ఉన్న బుద్ధే దీనికీ ఉంది, కాకపోతే పాలు పొంగితే ఆ పూటకు పొయ్యి ఆరుతుంది, ఈ గీత పోయి అటు చివర ముట్టుకుంటే తమ ఇంట్లో పొయ్యి మళ్లీ వెలగదేమో అనుకుంది జమున, అనుకుని, ఛీ పాడు నోరు అని తన నోటిని తనే తిట్టుకుంది, నోరు తెరవకుండానే. బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు పాత భవనంలో సర్వే గది మూలకు నల్లటి పెట్టె ఒకటి గుంయ్‌మంటోంది. పర్సనల్ విభాగం వాళ్ల ఉద్యోగుల ఫైళ్లు, భూముల విభాగం వాళ్ల నిర్వాసితుల ఫైళ్లు, సర్వే వాళ్ల పటాలు, ఇన్నేళ్లుగా ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు దాచుకున్నవన్నీ తీగల వెంట నడిచి ఆ పెట్టెలోకి చేరుతున్నాయి. ఇకనుంచి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని, తమ పేరు కొట్టి, తమ పాస్‌వర్డ్ కొట్టి, ఆ పెట్టెలో తమకు చూడనిచ్చినవన్నీ చూసుకోవచ్చు. ఎవరికి ఏది చూడనివ్వాలో టిక్కు పెట్టే పని జమునది. కిటికీ అవతల, వరండాలో, బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కాళ్ల మధ్య గుడ్డసంచి, భుజాన తువ్వాల. పొద్దటినుంచి కూర్చున్నాడు. ఆయన వైపు చూడకూడదని జమున ఒట్టు పెట్టుకుంది, పెట్టుకున్నప్పటినుంచి చూస్తూనే ఉంది.

నిన్నటిదాకా ఇంత మర్యాద ఎక్కడిది. ఒక విభాగం కాగితం ఇంకో విభాగానికి కావాలంటే పెన్‌డ్రైవే గతి. పోకుండా దానికి ఎర్రదారం, దారానికి ఒక చెక్కముక్క, అది ఎవరి జేబులోనో కూర్చుని మెట్లు దిగి, చాయ్ తాగి, పాన్ డబ్బా దగ్గర నిలబడి లోకం ముచ్చట్లన్నీ విని, సాయంత్రానికి ఎప్పటికో చేరేది, చేరుతూ చేరుతూ ఒక వైరస్‌ను కూడా చంకన పెట్టుకొచ్చేది. ఒకే ఫైలుకు ఫైనల్ అని ఒకటి, కొత్త ఫైనల్ అని ఒకటి, అసలు ఫైనల్ అని ఒకటి. ఆ బాధ పడలేకనే ఈ పెట్టె. ఎవరికి ఏం కావాలో రాసుకుందామని జమున విభాగాలన్నీ తిరిగితే తక్కువ అడిగిన మహానుభావుడు ఒక్కడు లేడు. "నాకు ఫుల్ పెట్టు చెల్లె" అన్నాడు భూముల విభాగం ఉపేందర్. ఫుల్ అంటే ఏందో ఎరుకేనా అన్నా అంటే, "ఎరుక లేదు, ఉండనీ, మల్ల ఎవలనన్న బతిమిలాడుడెందుకు" అన్నాడు. పర్సనల్ పెద్దసారు తన ఫోల్డరు ఎవరికీ కనిపించకూడదు, అందరివీ తనకు కనిపించాలి అన్నారు, అది ఎక్కడి న్యాయమో ఆయనకే తెలియాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఈ గుడికి పూజారి తానే అయిందని మొదట్లో జమునకు నవ్వొచ్చింది, కొంచెం గర్వం కూడా వచ్చింది. ఇవాళ రెండూ లేవు.

ఫోన్ మోగింది. ఈ పెట్టెలను ఆఫీసాఫీసుకూ తిరిగి పెట్టిస్తున్న విద్య మేడం. "జమునా, గోలేటిలో పని అయిపోయింది, మంచిర్యాల దాకా వచ్చేశాను. ఎంతవరకొచ్చింది?" సగం దాటింది మేడం అంది జమున. "యూజర్లందరినీ చేసేశావా? పేరు, చుక్క, తండ్రి పేరు. మర్చిపోకు. ఇంతకుముందు ఒకచోట ఉత్త పేర్లు పెట్టి చచ్చాం, ముగ్గురు సంతోషిలు, ఒకళ్ల కాగితాలు ఒకళ్లకి. మా వైపైతే ఇంటిపేరు సరిపోయేది, ఇక్కడి రికార్డుల్లో సగం మందికి ఇంటిపేరే రాయలేదు. పెళ్లయినా కాకపోయినా తండ్రి పేరు తప్పనిసరి." మా వైపు అంటుంది గానీ ఆమెకు మాత్రం ఏ వైపుందని, తండ్రి గోపాలరావు గారు కృష్ణా జిల్లా నుంచి ఇంజినీరుగా వస్తే ఇక్కడి బంగ్లాల్లోనే పుట్టి ఇక్కడి బొగ్గు పొడే పీల్చి పెరిగిన మనిషి, అయినా మాటలో మాత్రం ఆ వైపు పోలేదు, మనిషి మంచిది, దాపరికం అంటే గిట్టదు. "అందరికీ అందరివీ కనబడాలి, చూడటం వరకు. మార్చడం మాత్రం ఎవరివి వాళ్లే. నేనొచ్చి ఒకసారి చూసి తెరిచేద్దాం" అని పెట్టేసింది. అందరినీ చేసింది జమున. జైపాల్ చుక్క వాళ్ల నాయిన, ఉపేందర్ చుక్క వాళ్ల నాయిన, ఇంకా ఉద్యోగంలో చేరని, ఎప్పుడు చేరతారో తెలియని కొత్తవాళ్లకు కూడా, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెద్దసారు చెప్పాడని ముందే ఖాతాలు తెరిచి పెట్టింది. ఒక్కరే మిగిలారు. తెర మీద ఇంకో కిటికీలో జమున, చుక్క, ఆ చుక్క తర్వాత సన్నగా నిలువు గీత, కొట్టుకుంటూ ఉంది, ఆరుతూ వెలుగుతూ, చెప్పు చెప్పు అన్నట్టు.

సదయ్య అని కొట్టేస్తే అయిపోతుంది. బడి రిజిస్టరులో సదయ్య, డిగ్రీ కాగితంలో సదయ్య, ఈ ఉద్యోగం ఇచ్చిన ఉత్తర్వులో సదయ్య కుమార్తె జమున. నాయినకు ఆరోగ్యం చెడి బొగ్గు బాయిలో పనికి పనికిరాడని తేల్చాక, వారసత్వం కింద ఆ ఉద్యోగం బిడ్డకు వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిన ముచ్చట. తెలియంది ఏమిటంటే నాయిన సదయ్య కాదు. నాయిన పోశం. అసలు సదయ్య అదిగో, వరండాలో, బల్ల మీద, తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆ రోజుల్లో బాయి ఉద్యోగానికి కార్డు వచ్చింది ఆయనకు. ఒక్క రోజు దిగాడు, దిగి, ఎక్కి వచ్చి, చచ్చినా మళ్లీ పోను అని ఇంట్లో మంచం పట్టాడు. ఇల్లు పక్కనే పోశం, సెంటు భూమి లేనివాడు, ఆయన కార్డు తీసుకుని మర్నాడు పోయి లైన్‌లో నిలబడ్డాడు. సదయ్య అని పిలిచారు, ఆఁ అన్నాడు. అంతే, ఆ ఒక్క ఆఁ మీద ఒక సంసారం నిలబడింది, ఒక క్వార్టరు, ఒక బిడ్డ చదువు, ఇప్పుడు ఈ కుర్చీ. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారే, అది లోకంలో తప్పుగా చెప్పుకునే మాట, కానీ తవ్విన చేతులు మాత్రం నాయినవే కదా, కాయలు నాయినవే కదా, అని జమున ఎన్నిసార్లు తనతో తాను వాదించుకుందో. ఒక్కోసారి గెలిచేది, ఒక్కోసారి ఓడేది.

చిన్నప్పటినుంచి ఆమెది అడిగే రోగం. బొగ్గు తీసిన కాడ ఏం నింపుతరు నాయినా అని అడిగితే, గోదాట్ల ఇసుక బిడ్డా అనేవాడు, మరి ఇసుక తీసిన కాడ గోదాట్ల ఏం నింపుతరు అంటే, నీ నోట్ల మన్ను అని నవ్వేవాడు. అట్లాగే ఒకరోజు, నాయినా, నీ అసలు పేరేంది అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు. బాయి మీద సదయ్య, ఇంట్లకొస్తే పోశం, నువ్వు నాయినా అని పిలువు, నీకేం ఫికర్ అన్నాడు. కాలనీలో సదయ్యన్న, ఊళ్లో పోశన్న, ఊరికి పోయే బస్సు ఎక్కగానే ఆయన భుజాలు కొంచెం దిగేవి, బస్సులో కూర్చున్నవాడు పోశమే అని ఆ భుజాలను చూసి పోల్చుకునేది జమున. ఆధార్ వచ్చినప్పుడు కూడా బాయి పేరే రాయించుకున్నాడు. ఇక అవ్వ, లస్మవ్వ, మొగని పేరు నోట పలకని కాలం మనిషి, ఎవరైనా అడిగితే బిడ్డను ముందుకు తోసేది, నువ్వు చెప్పు అని. ఒక్క పేరున్న మొగుళ్ల పెండ్లాలకే కష్టం, రెండు పేర్లలో ఒక్కటీ పలకకుండా ఆమె సంసారం మొత్తం ఈదేసింది, అందుకే అవ్వ దగ్గర ఎన్నడూ మాట జారలేదు. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని నాయిన మొదట పోయేది సదయ్య కాక ఇంటికే. ఇద్దరూ అలాయ్ బలాయ్ తీసుకుని, "ఏం పోశం, మంచిగున్నవా" అని నాయిన అడిగేవాడు, "నాకేంది సదయ్యా, నీ దయ" అని ఆయన అనేవాడు, ఇద్దరూ పడీపడీ నవ్వేవారు, కాక భార్య సారలమ్మ చిన్నమ్మ గారెలు తెచ్చి ఇద్దరికీ చెరో తిట్టు తిట్టి పెట్టేది. ఆ నవ్వులో ఎవరు ఎవరికి ఏం ఇచ్చారో, ఎవరి దగ్గర ఏం పోయిందో జమునకు అప్పుడూ అంతుపట్టలేదు, ఇప్పుడూ పట్టలేదు. ఇంతకీ ఆ ఒక్క రోజు కిందికి దిగి ఆయన ఏం చూశాడు? అది మాత్రం ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం జమునకే లేకపోయింది, అడిగే రోగానికి మందు దొరికిన చోటు అదొక్కటే.

గీత కదిలింది. ముక్కాలు.

ఇప్పుడు కమాన్‌పూర్ దిక్కున ఉన్న ఆ ఊరి మీదికి ఓపెన్‌కాస్టు, నేలను పైనుంచే తవ్వుకుపోయే గని, వస్తోంది. ఇళ్లు పోతాయి. పోయిన ఇంటికి బదులు కొత్త కాలనీలో ఇంటి జాగ ఇస్తారు. సదయ్య కాక ఇల్లూ పోతుంది, పేరు రాసుకున్నారు, కానీ ఊళ్లో ఎవడో కడుపుమంటగాడు, సదయ్య పేరు మీద కంపెనీ ఉద్యోగం ఉన్నది అని చెవిన వేశాడు. ఇల్లు ఆ కంపెనీ సదయ్యదో ఈయనదో, జాగ ఎవలకు పోవాలెనో, పర్సనల్ వాళ్లు తేల్చాలె అన్నాడు ఉపేందర్. పర్సనల్‌కు కాగితం పోయింది. అక్కడినుంచి ఇంకో కాగితం వచ్చింది. ముసలాయన తిరిగాడు, తిరుగుతూనే ఉన్నాడు. పొద్దున ఉపేందర్ ఆయనకు సంబరంగా చెప్పడం జమున చెవులారా విన్నది. "ఇయ్యాల ఆఖరు కాకా. మా జమున చెల్లె తాళం తీస్తున్నది, తీసినంక నా కుర్సీల కూసోనే నీ పేరు కొడ్త, ఉన్నదా లేదా తేలుతది, జర కూసో." ఆయన ఒక్కసారి కిటికీ వైపు చూసి, సరే బిడ్డా అని కూర్చున్నాడు. ఉపేందర్‌కు ఏం తెలుసు పాపం. తాళం తీస్తే ఎవరి ఇల్లు తెరుచుకుంటుందో తెలియదు.

కంప్యూటరుకు పేర్లతో పని లేదని జమునకు మొన్ననే తెలిసింది. ఉపేందర్ ఖాతాలో ఏదో తప్పు పడితే, పోనీలే అని మొత్తం తీసేసి మళ్లీ అదే పేరుతో కొత్తది చేసింది. పేరదే, తండ్రి పేరదే, మనిషి వాడే, కుర్చీ అదే, కానీ తన ఫైలు తానే తెరవబోతే నువ్వెవరు అంది పెట్టె. నేనే ఉపేందర్‌ను, ఇరవైసార్లు చెప్పాలా అని తెరను తిట్టాడు ఆయన. విద్య మేడంను అడిగితే నవ్వి, పైన కనపడే పేరు మనకోసం, లోపల దానికి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది, పేరు మార్చినా నంబరు మారదు, మనిషిని తీసేసి అదే పేరుతో ఇంకొకరిని పెట్టినా పాత నంబరు రాదు అంది. ఆ మాట విన్నరోజు జమున ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. బాయి మీద దీపాల గదిలో నాయినకు ఒక బిళ్ల ఉండేది, ఇత్తడిది, దాని మీద నంబరు, పేరు లేదు. దిగేటప్పుడు బిళ్ల తగిలించి దీపం తీసుకోవాలి, ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి, షిఫ్టు అయిపోయాక బిళ్ల ఇంకా వేలాడుతుంటే ఆ మనిషి లోపలే ఉన్నట్టు. అక్కడ ఎవరూ సదయ్యా అని గానీ పోశం అని గానీ పిలిచింది లేదు. ఆ నంబరు మాత్రం మొదటి రోజునుంచి చివరి రోజుదాకా నాయినదే, ఇంకెవరిదీ కాదు. మరి ఆ పెట్టెకు తెలిసిన న్యాయం మనుషులకు చెప్పేదెట్లా, మా నాయిన పేరు అబద్ధం, నంబరు నిజం అంటే ఎవరు వింటారు. మారు పేరు అంటారు దాన్ని, ఈ బొగ్గు నేల మీద ఎన్ని ఇళ్లలో ఉందో ఆ మారు పేరు, ఒకరికొకరు తెలిసీ తెలియనట్టు ఉంటారు, బయటపడ్డవాళ్లు మాత్రం చెట్టుకొకరు పుట్టకొకరు.

చేయి మౌస్ మీదికి పోయింది. పర్సనల్ ఫోల్డరు. భూముల విభాగం వాళ్లు. చూడవచ్చు, సరే గడి, వద్దు గడి. ఈ వద్దు గడికి చాలా బలం, సరే అని ఎన్ని చోట్ల పెట్టినా వద్దు అని ఒక్క చోట టిక్కు పడితే సరేలన్నీ గాలికి పోతాయి, అదీ ఈ పెట్టె నేర్పిందే. ఒక్క టిక్కు. ఏదో పొరపాటు మేడం, రేపు చూద్దాం మేడం. రేపు మాపు అయి, ఉపేందర్‌కు విసుగొచ్చి, ముసలాయన తిరిగి తిరిగి ఓడి, ఊరు మీదికి డోజరు వచ్చి. టిక్కు పెట్టింది. చూసింది. చిన్న గడి, అందులో చిన్న గురుతు, ఎంత నిమ్మళంగా ఉందో. నాయిన కూడా ఆ రోజు ఆఁ అన్నప్పుడు ఇంతే చిన్నగా అనుంటాడు. టిక్కు తీసేసింది. మళ్లీ పెట్టింది. ఫోన్ మోగింది. "గోదావరి బ్రిడ్జి మీదున్నా జమునా. నీళ్లు భలే ఉన్నాయి. చాయ్ ఏమైనా దొరుకుతుందా అక్కడ?" దొరుకుతుంది మేడం అంది. బ్రిడ్జి మీదంటే ఇక ఎంతసేపు.

పోయిన ఏడు నాయిన పోయినప్పుడు కాలనీ మూల మీద ఫ్లెక్సీ కట్టారు. సదయ్య గారికి అశ్రునివాళి. ఫోటోలో నాయిన, కింద ఈయన పేరు. సదయ్య కాక బస్సు దిగి నడిచొస్తూ ఆ ఫ్లెక్సీ ముందు ఆగిపోయాడు, చాలాసేపు నిలబడ్డాడు, తన చావు కబురు తాను చదువుకుంటున్న మనిషి ఎట్లా ఉంటాడో జమున ఆ రోజు చూసింది. లోపలికి వచ్చి ఏడవలేదు, "సదయ్య సచ్చిపోయిండని ఊరందరికి ఎరుకైంది, ఇగ నేను ఎవలనుల్లా" అన్నాడు, అవ్వ అంత దుఃఖంలోనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. అంతకు ముందురోజు దవాఖానలో జరిగింది మాత్రం జమున ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ వంగి, సదయ్యా, సదయ్యా, కళ్లు తెరువు అని గట్టిగా పిలిచింది. ఉలుకు లేదు పలుకు లేదు. స్పృహ లేదమ్మా అంది. అప్పుడు అవ్వ మంచం పట్టె పట్టుకుని లేచింది. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, పోశం, అంది. పెళ్లయిన నాటినుంచి పలకని పేరు, ఎట్లా పలకాలో తెలియనట్టు, కొత్తగా, చిన్నగా. నాయిన కళ్లు తెరిచాడు. అవ్వను చూశాడు. ఎంత ఆశ్చర్యంగా చూశాడని, పట్టుబడ్డ దొంగలా, పెళ్లికొడుకులా. అన్నేళ్లు ఆ సదయ్య పేరును తొడుక్కుని తిరిగిన మనిషి పోయేటప్పుడు దాన్ని ఎప్పుడు విప్పి పక్కన పెట్టాడో.

గీత చివర ముట్టింది. టంగుమని చిన్న శబ్దం. అయిపోయింది, అంతా పెట్టెలో ఉంది. జమున కుతూహలం జమునను ఎన్నడు ఆగనిచ్చింది గనుక, వెతికే గడిలో సదయ్య, తండ్రి రాజయ్య, ఊరు పేరు, కొట్టింది. రెండు వచ్చాయి. ఒకదాని కింద ఒకటి, తోబుట్టువుల్లా. పైన పర్సనల్‌ది, సదయ్య, బొగ్గు బాయి కార్మికుడు, మరణించినాడు, భార్య లస్మవ్వ, కుమార్తె జమున. కింద భూములది, సదయ్య, ఇల్లు ఒకటి, పెంకులది. అప్పుడు తట్టింది ఆమెకు, ఇన్ని రోజులుగా తట్టనిది. తన ఉద్యోగం పోతుందనే ఇంతసేపు వణికింది గానీ, ఉపేందర్ ఈ రెండూ చూస్తే మారు పేరు అనుకోడు. సదయ్య ఒక్కడే, ఆ ఒక్కడూ చచ్చిపోయాడు, బల్ల మీద కూర్చున్నది జాగ కోసం ఆ పేరు చెప్పుకుంటున్న ఇంకెవడో అనుకుంటాడు. చనిపోయినవాడి ఇంటికి వారసురాలు ఎవరు? కుమార్తె జమున. అంటే తాళం తీసినా తన ఉద్యోగానికి ఏమీ కాదు. పైగా ఇంటి జాగ కూడా తనకే వస్తుంది. బల్ల మీది మనిషికే ఏమీ మిగలదు, పేరు పోయినట్టే ఇల్లూ పోతుంది. జమున లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పోయి గోడకు తగిలింది.

వరండాలోకి వచ్చింది, చేతిలో నీళ్ల సీసా ఎప్పుడు పట్టుకుందో. "కాకా, నీళ్లు తాగు." ఆయన తాగాడు, ఎత్తిపోసుకుని, మెడ మీద ఒలకబోసుకుంటూ. మూత పెట్టి ఇచ్చి, "తీసినవా బిడ్డా తాళం?" అన్నాడు.

"ఇంక లేదు కాకా."

"తియ్యి. నువ్వు నా కోసం ఆపుతున్నవని నాకెరుకే. నేను గీడ కూసోని అంత ఆలోచన చేసిన." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గా ఉపేందర్ మంచి పిలగాడు. మొన్న కాయితం నాకు సదివి చెప్పిండు, కంపెనీల ఉన్న సదయ్య పోయినేడు పోయిండంటున్నరు అని. ఇగ తేలేదేమున్నది? నేను సచ్చిపోయిన అని ఒప్పుకుంట. ఫ్లెక్సీ గూడ ఏస్తిరి గదా." నవ్వాడు, పళ్లు లేని నవ్వు. "జాగ నీకు వస్తది. నీ కొలువుకు, మీ అవ్వ పింఛనుకు ఏం గాదు. నన్నెవలన్న అడిగితే నేను పోశంను అని చెప్త. ఆ సదయ్య దోస్తును, ఊకే సూడ వచ్చిన అంట."

"మరి నువ్వూ చిన్నమ్మ ఏడ ఉంటరు కాకా?"

"మంచిర్యాలల బిడ్డ ఉన్నది. కాదంటదా? కాదంటే నీ జాగల ఒక కొట్టం ఏసియ్యి, మంచం పట్టేటంత."

ఇంత తేలికగా చెప్పాడు, తువ్వాల దులిపినంత తేలికగా. జమునకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియదు, ఇంత మంచితనం ఎవరడిగారు ఈయన్ని, ఒక మనిషి ఒక బతుకులో తన పేరు ఎన్నిసార్లు దానం చేస్తాడు. అప్పుడు అడిగింది, చిన్నప్పటినుంచి అడగనిది. "కాకా, గా దినం బాయిలకు దిగి ఏం సూసినవు? ఎందుకు మల్ల పోలేదు?"

ఆయన సంచి మూతి ముడి విప్పి కట్టాడు. "ఏం సూస్త బిడ్డా, ఏం గనవడలే. కొత్తోళ్లను కూసోవెట్టి, సీకటి అంటే ఏందో సూపిస్తమని దీపాలు ఆర్పుమన్నరు. ఆర్పినం. నా చెయ్యి నాకు గనవడలే. కండ్లు తెరిసిన్నో మూసిన్నో తెలుస్తలేదు. పక్కకున్నోడు నువ్వెవలే అన్నడు, ఊకనే, భయం పోవాలెనని. నా పేరు నాకు యాదికి రాలే. ఎంత దేవులాడినా రాలే. దీపం ముట్టిచ్చినంక వచ్చింది. పేరు మర్సిపోయే కాడికి ఎట్ల పోవాలె మల్ల?" సీసా వైపు చెయ్యి చాపి ఇంకో గుక్క తాగాడు. "మీ నాయిన పోయిండు. నేను పారేసుకున్నది ఆయనకు దొరికింది, గంతే. దొరికినోడు మంచిగనే వాడిండు, ఒక్క మచ్చ పడనియ్యలే నా పేరుకు. నాకు గదే సాలు."

లోపలికి వచ్చి కూర్చుంది. ఒక్క మచ్చ పడనియ్యలే. నాయిన పడనియ్యలేదు నిజమే, మరి తాను? ఈ తాళం ఇట్లా తీస్తే, ఆయన లేచి బస్సెక్కి పోతే, ఆ పేరు మీద పడేది మచ్చ కాదు, మన్ను. బతికున్న మనిషి మీద మన్ను. ఉద్యోగం పోవచ్చు. పోకపోవచ్చు, ఇన్నేళ్లు తవ్వింది మా నాయినే అని ఆ నంబరు పట్టుకుని కొట్లాడవచ్చు, యూనియన్ ఆఫీసు మెట్లెక్కవచ్చు, ఆ మెట్ల మీద మారు పేరు వాళ్లు ఇంకెందరు కనిపిస్తారో. అవ్వకు ఏమని చెప్పాలి? అవ్వకు చెప్పనక్కర్లేదు, దవాఖానలో అందరి ముందూ ఆ పేరు పలికింది అవ్వే, ఇంక దాచేదేముంది. భయం లేకపోలేదు, కానీ భయం పక్కనే ఇంకోటి కూడా కూర్చుని ఉంది, చిన్నప్పటి రోగమే, చెప్తే ఏమవుతుంది, చెప్పి చూస్తే ఏమవుతుంది అని. వద్దు గడిలో టిక్కు తీసేసింది. సరే గడి, భూముల విభాగం, పర్సనల్ విభాగం, సర్వే, అందరికీ, మేడం చెప్పినట్టే. తర్వాత ఆ ఇంకో కిటికీ తెరిచింది. జమున, చుక్క, ఇంకా కొట్టుకుంటూనే ఉంది గీత. అక్షరాలు ఒక్కొక్కటే కొట్టింది. ఆ పేరును ఒక ఆఫీసు కంప్యూటరు మీద చూడడం ఆమెకు అదే మొదలు. బాగుంది. పొట్టిగా, నిటారుగా ఉంది. సరే నొక్కింది.

విద్య మేడం వచ్చింది, చేతిలో కారు తాళాలు, చెంపల మీద చెమట, వస్తూనే జమున భుజం మీదుగా తెర మీదికి వంగింది. ఫోల్డర్లు చూసింది, గడులు చూసింది, భలే చేశావు అంది. పేర్ల వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది, చివర ఆగింది.

"పోశం ఎవరు?"

"మా నాయిన మేడం."

"అదేంటి, మీ నాన్నగారు సదయ్య కదా? పోయినేడు పోయారు కదా, నేను కూడా వచ్చాను."

జమున కిటికీ వైపు చూసింది. ముసలాయన లేచి నిలబడ్డాడు, సంచి భుజాన వేసుకుంటున్నాడు, బస్సుకు పోవడానికి.

"సదయ్య పోలేదు మేడం. గాయనే సదయ్య. ఉండుండ్రి, పోతున్నడు, లోపటికి పిలుస్త."